తూర్పు బీడు లెక్క

ఎర్రకాళ్ల కొంగలు ఆ ఏడు, కార్తీకానికి ముందొచ్చే ఐప్పసి నెల మూడో తేదీన దిగాయి. పదకొండు. కోవిల్పట్టి నుంచి విరుదుపట్టికి పోయే రైలు కట్టకు ఇవతల, కొత్తగా విత్తిన మా సజ్జచేలో మిడతల కోసం నిలబడ్డాయి. ఆ ఊరికి విరుదునగర్ అని పేరు మార్చి అప్పటికి తొమ్మిదేళ్లు. మా వైపు విరుదుపట్టి అనే అనేవాళ్లు.

నీళ్లకు పోయి వస్తూ నేను కొంగల్ని చూశాను. నాకంటే ముందు మా అన్న తిరుపతిసామి చూశాడు. నేను బిందె దించేసరికి వాకిట్లో నాయన ముందు నిలబడి ఉన్నాడు.

"నాయనా, కొంగలు దిగినాయి."

నాయన తాడు పేనుతున్నాడు. తల ఎత్తలేదు. "ఎన్ని?"

"పదకొండు. కొంగలు ఎన్నయితే మనకేంది? మన మాట గద్దల మీద. కొంగ దిగిన దినం నించి ఐప్పసి కడపటి దినం దాకా. ఈ పొద్దు నించి మొదలు."

"నేను మరిచిపోలేదప్పా," అన్నాడు నాయన.

ఆ మాట మూడు నెలల ముందు, ఆడి నెలలో అనుకున్నది. అన్నా, వదినె చెల్లమ్మాళూ బిడ్డను తీసుకుని తూత్తుకుడి పోతామన్నారు. వదినె వాళ్ల అన్నకు అక్కడ ఉప్పళంలో, ఉప్పు తీసే మడుల్లో, మేస్త్రీ పని. మా అన్నకు కూడా పని చూపిస్తానని కబురు పంపాడు. మాకున్న రేగడి ఇరవై ఎకరాలు. అందులో ఆరెకరాలు, తూర్పు చేను, పద్నాలుగేళ్లుగా బీడు. దాన్ని దున్ననిస్తే ఉంటాను, దున్ననివ్వకపోతే పోతాను అన్నాడు అన్న. నాయన రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు మా పాలేరు సుడలైని సాక్షిగా కూర్చోబెట్టి చెప్పాడు.

"ఈ ఐప్పసిలో ఏ ఒక్క సాయంకాలమైనా బీట్లో నూరు గద్దలు దిగితే, అది బీడుగానే ఉంటాది. నువ్వు నీ దోవ చూసుకో. నూరు దిగకపోతే మడక కట్టు. నేను అడ్డం రాను."

"వాక్కా?" అన్నాడు అన్న.

"వాక్కే."

కాబట్టి ఆ నెల లెక్క తేల్చేది రెండింటిలో ఒకటి. నూరు దిగితే పాప్పా తూత్తుకుడి పోతుంది. దిగకపోతే ఇంట్లో ఉంటుంది.

పాప్పా మా అన్న కూతురు. అప్పటికి నాలుగేళ్లు. పదో నెల నుంచి నా పక్కలోనే పడుకునేది. నేను పెళ్లయిన రెండో ఏట తాళి తీసి పుట్టింటికి వచ్చాను. నాకు పిల్లలు లేరు.

తూర్పు చేను బీడైన సంగతి కూడా చెప్పాలి. పద్నాలుగేళ్ల కింద, విషజ్వరం వచ్చిన ఏడు, ఐప్పసిలోనే, మా ఇంట్లో ఎనిమిది రోజుల్లో ముగ్గురు పోయారు. పన్నెండేళ్ల సీనివాసన్, ఆరేళ్ల రామక్క, ఇంకా పేరు పెట్టని చంటిది. మోయడానికి మనుషులు లేరు. మోసేవాళ్లూ జ్వరంలోనే ఉన్నారు. నాయన ఒక్కడే తూర్పు చేలో, నిలిచి ఉన్న సజ్జ మధ్యన, గుంటలు తవ్వాడు. చంటిదాన్ని పూడ్చిన రోజే నాలుగో గుంట కూడా తవ్వి పెట్టాడు, మళ్లీ తవ్వే ఓపిక ఉంటుందో లేదోనని. అది నాకు. నాకప్పుడు తొమ్మిదేళ్లు. నేను బతికాను. ఆయన వెళ్లి దాన్ని పూడ్చి వచ్చాడు. అన్న ఆ నెల మేనమామ ఊళ్లో ఉన్నాడు. అతను గుంటలు చూడలేదు.

ఆ సజ్జ ఎవరూ కోయలేదు. అది పడిపోయింది, గడ్డి లేచింది. మరుసటి ఐప్పసిలో ఒక సాయంత్రం ఆ గడ్డిలో గద్దలు దిగాయి. పిల్లిగద్దలు. మిగతా గద్దల్లా ఇవి చెట్టెక్కవు. చలికాలం మొదట్లో ఉత్తరం నుంచి వస్తాయి, పగలంతా చేల మీద తక్కువ ఎత్తున తిరిగి మిడతల్నీ ఎలకల్నీ పట్టుకుంటాయి, పొద్దు వాలగానే గడ్డిలో నేల మీద దిగి పడుకుంటాయి. ముఖం గుండ్రంగా పిల్లిలా ఉంటుంది. మగది బూడిద రంగు, ఆడది గోధుమ రంగు.

మొదటి సాయంత్రం మూడు దిగాయి. ఆ మాట సుడలై నాకు చెప్పాడు. నాయన ఎప్పుడూ చెప్పలేదు.

తర్వాత ఏటా పెరిగాయి. ఒక ఏడు రెండు వందల ఎనభై. చుట్టుపక్కల వాళ్లు తమ బీళ్లు దున్ని పత్తి పెట్టడం మొదలైనాక తగ్గుతూ వచ్చాయి. కిందటి ఏడు ఎక్కువలో ఎక్కువ నూట పద్నాలుగు. గద్దలు తన బిడ్డలని నాయన అనలేదు. అమ్మా అనలేదు. అయితే ఐప్పసి వస్తే నాయన అవి దిగే దాకా కూడు ముట్టడు. అమ్మ పద్నాలుగేళ్లలో ఒక్కసారి కూడా ఆ గట్టెక్కలేదు.

*

గద్దల్ని లెక్కపెట్టే పద్ధతి నాయనది. కళ్లంలో ధాన్యం కొలిచే పద్ధతే.

ఒకరు పిలవాలి, ఒకరు గింజ వేయాలి. గద్ద గడ్డిలో దిగగానే పిలిచేవాళ్లు "దిగె" అంటారు. వేసేవాళ్లు చిన్న కుండలో ఒక పత్తిగింజ వేస్తారు. దిగినది మళ్లీ లేస్తే "లేసె" అనాలి. అప్పుడు ఒక గింజ బయటికి తీస్తారు. ఆకాశంలో తిరిగేవి లెక్కలోకి రావు. సాయంకాలపు చుక్క పొడవగానే లెక్క ఆపాలి. తర్వాత కుండ బట్ట మీద బోర్లించి గింజల్ని పదేసి కుప్పలు పెడతారు.

మొదటి గద్దను "దిగె" అనకూడదు. "లాబం" అనాలి. కళ్లంలో మొదటి పడిని ఒకటి అనం, లాభం అంటాం. అది అంతటా ఉన్నదే. మా ఇంట్లో దానికి తోడు ఇంకొకటి ఉంది. ఆ లాభం పడికి గింజ వేయం. దాన్ని వేరే చాప మీద పోస్తాం. అది ఇంట్లో పోయినవాళ్ల పేరు మీదిది. దాన్ని వండుకోం, విత్తనానికి వాడం, పక్షులకు చల్లేస్తాం. మన లెక్క దాని తర్వాతి పడి నుంచి. గద్దలకూ నాయన అదే పెట్టాడు.

పిలిచేది నేను. నాయనకు రేచీకటి వచ్చి మూడేళ్లయింది. పొద్దు వాలితే గట్టు అంచు కూడా కనపడదు. అన్న నాయన పక్కన కూర్చునేవాడు, కుండలో గింజ సరిగ్గా పడుతోందా లేదా చూడడానికి. సుడలై సాక్షి, ఎద్దుల్ని తోలుకొచ్చి గట్టు కింద నిలబడేవాడు. నా చూపు గడ్డి మీద, అన్న చూపు కుండ మీద. నేను పిలిస్తే గద్ద ఉన్నట్టు, పిలవకపోతే లేనట్టు. ఇద్దరూ నా నోరు నమ్మారు.

మొదటి సాయంత్రం నలభై ఆరు. నాలుగో సాయంత్రం అరవై మూడు. తొమ్మిదో సాయంత్రం డెబ్బై ఎనిమిది.

"పెరుగుతా ఉండాయే," అన్నాడు సుడలై.

"నీకేంది అంత సంతోషం?" అన్నాడు అన్న.

"నాకేంది చిన్న నాయకరే. నూరు దిగితే నాకు ఆరెకరాల దున్నకం తప్పుతాది. దిగకపోతే మీరు ఉంటారు, ఇంకా దున్నిస్తారు. నా నడుముతో అడిగి చూడండి ఏది మేలని."

అన్న నవ్వాడు. నాయన గింజల్ని తిరిగి సంచిలో పోశాడు.

*

వదినె మూటలు ఐప్పసి పదో తేదీకే కట్టింది. పెద్దవి రెండు, చిన్నది ఒకటి. వంటింటి గోడ వార పెట్టింది. మధ్యాహ్నం నేను జొన్నలు దంచుతుంటే వచ్చి రెండో రోకలి అందుకుంది.

"మూటలు కట్టినానని కోపమా నీకు?" అంది.

"నాకేంటికి కోపం?"

"మొకం చూస్తే తెలస్తాది. వల్లీ, నేను ఈ ఇంటికి వచ్చి ఆరేండ్లు. వచ్చిన దినం నించి చూస్తా ఉండాను. ఈ ఇంట్లో పోయినోళ్లు ముగ్గురు, ఉండేది ఆర్గురం. అయినా అత్త కూడు వడ్డించేటప్పుడు ఎవరికి మొదట తీసి పెడతాదో నీకు తెలుసు."

నాకు తెలుసు. అమ్మ రోజూ మూడు ముద్దలు దొడ్లో పెట్టేది. తర్వాతే ఎవరికైనా.

"మీ అన్న బీడు బీడు అని అరుస్తాడు," అంది వదినె. "నాకు బీడు అక్కర లేదు. ఒక నాడు పాప్పా దొడ్లోకి పోయి ఆ ముద్ద తినె. అత్త బిడ్డను కొట్టలేదు. తిట్టలేదు. కూచోనె, బిడ్డ మొకమే చూస్తా కూచోనె, పొద్దు పోయే దాకా. నాకు బయమయ్యె. ఆ దినం నించి నేను పోదామంటా ఉండాను."

"దున్నితే?"

"దున్నితే ఆ నేల కూడా మిగతా నేల మాదిరి అవుతాది. అప్పుడు ఉంటాను. మాట అంటే మాటే." ఆమె రోకలి ఆపింది. "నూరు దిగితే మాత్రం నన్ను ఆపొద్దు. బిడ్డను నీ పక్కన వదిలిపెట్టమని అడగొద్దు. నువ్వు అడిగితే నేను కాదనలేను. అందుకే ముందే చెప్తా ఉండాను."

నేను అడగనని చెప్పాను.

పాప్పా వాకిట్లో కోడిపిల్లల్ని పిలుస్తోంది. చేతిలో చింతగింజలున్నాయి. ఒక పిల్ల గంప కింద దూరితే "లాబం" అంది. ఇంకొకటి దూరితే "దిగె" అని ఒక గింజ చిప్పలో వేసింది. అది బయటికి పరిగెత్తితే "లేసె, లేసె, దొంగముండ లేసె" అని గింజ తీసేసింది. ఆ చివరి మాట పద్ధతిలో లేనిది. సుడలై నేర్పి ఉంటాడు.

"అత్తా, తూత్తుకుడిలో గద్దలుండాయా?"

"ఉండాయంట. చేపలు తినేవి."

"వాటిని ఎవరు పిలుస్తారు?"

"ఎవరూ పిలవరు. అవి ఊరికే తిరుగుతాయి."

పాప్పా చిప్ప కింద పెట్టింది. "నువ్వు వచ్చి పిలువు," అంది.

*

పంతొమ్మిదో తేదీ సాయంత్రం గాలి లేదు. గద్దలు పెందరాళే వచ్చాయి. బీడు మీద ముప్పై నలభై ఒకేసారి తిరిగాయి, రెక్కలు రెండూ పైకెత్తి, కొట్టకుండా. ఒక్కొక్కటే కాళ్లు జారవిడిచి గడ్డిలో పడింది. నేను పిలుస్తూనే ఉన్నాను. నోరు ఎండిపోయింది. వేలి కణుపుల మీద నా లెక్క నేనూ పెట్టుకున్నాను. తొంభై దాటింది. తొంభై మూడు దగ్గర ఆగింది.

అప్పుడు కొంగలొచ్చాయి. ఏడు. చెరువు వైపు పోవలసినవి, తిరిగి వచ్చి బీడు మూలన వాననీళ్లు నిలిచిన పల్లంలో దిగి, ఒంటికాలి మీద నిలబడ్డాయి. పొద్దు పోతోంది. అవి అక్కడే పడుకునేటట్టున్నాయి.

సుడలై గట్టు కింద నుంచి అరిచాడు. "నాయకరే! ఏడు కొంగలు! తొంబై మూడూ ఏడూ ఎంత?"

నా లెక్క అతనికి ఎట్లా తెలిసిందో నాకు తెలియదు. అతను కూడా ఏదో చేతిలో పెట్టుకుని లెక్కపెడుతున్నాడన్నమాట.

"సుడలై," అన్నాడు అన్న, "రేపు మీ ఇంటి కోడిపెట్ట వచ్చి కూచుంటే దాన్ని కూడా చేరుస్తావా?"

"కోడిపెట్ట నేలను అడగదు చిన్న నాయకరే. కొంగ దూరం నించి వచ్చింది. గద్ద మాదిరే. ఆ బీడు కోసమే వచ్చింది."

"మన మాట గద్ద మీద."

"అది నిజమే. నేను ఊరికే అంటిని."

నాయన చేయి గింజల సంచిలో ఉంది. చాలాసేపు అక్కడే ఉంది. కొంగలు ఆయనకు కనపడవు. సుడలై మాటే విన్నాడు. చేయి ఖాళీగా బయటికి తీశాడు.

"కొంగకు కొంగ కణక్కు," అన్నాడు. లెక్కను ఆయన కణక్కనే అంటాడు. "గద్దకు గద్ద కణక్కు. రెండూ కలిపి కొలిస్తే అది కొలత కాదు. చుక్క పొడిచిందా వల్లీ?"

"పొడిచింది నాయనా."

పొడిచింది. ఆ రోజు నేను చెప్పింది నిజం.

ఇంటికి వచ్చే దారిలో నాయన నా భుజం మీద చేయి వేసి నడిచాడు. "తొంబై మూడంటే ఇంకా ఏడు," అన్నాడు. "పది దినాలుండాది. వస్తాయి." తర్వాత అన్నాడు, "వస్తే పిల్ల పోతాది, లేదా?"

"పోతాది."

"సీనయ్య ఈ పాటికి పెండ్లాం బిడ్డలతో ఉండాల. ఇరవై ఆరేండ్లు వానికి." సీనయ్య అంటే సీనివాసన్. నాయన పోయినవాళ్ల వయసు ఏటా పెంచేవాడు. రామక్కకు అప్పుడు ఇరవై. చంటిదానికి పద్నాలుగు. "వాండ్లను దున్నమంటావా?"

ఆయన చేతిని నా భుజం మీద సరిచేసి నడిచాను.

*

ఇరవై రెండు నుంచి ఇరవై ఏడు దాకా వాన. రేగడి కాలు పట్టేస్తుంది. అయినా నాయన గోనె కప్పుకుని గట్టు మీద కూర్చున్నాడు. దిగినవి ఇరవై, పద్దెనిమిది, ముప్పై ఒకటి, అంతే. తడిసిన గద్దలు ఎగరవు, ఎక్కడివక్కడే దిగిపోతాయని సుడలై చెప్పాడు. అన్న ఇనుప మడక తెచ్చి పశువుల కొట్టంలో పెట్టాడు. వదినె మూటలు విప్పలేదు. కొట్టంలో మడక, వంటింట్లో మూటలు. మేం వాటి మధ్య నుంచి నడిచాం.

ఇరవై ఎనిమిదిన వాన వెలిసింది. ఆ సాయంత్రం ఎనభై ఎనిమిది.

ఆ ఏడు ఐప్పసికి ఇరవై తొమ్మిది రోజులు. కడపటి సాయంత్రం మేం బయలుదేరుతుంటే అమ్మ పాప్పాను చంకనెత్తుకుని వెనకే వచ్చింది. నాయన అడుగుల చప్పుడు విని ఆగాడు.

"ఎవరది?"

"నేనే," అంది అమ్మ.

అందరం నడిచాం. గట్టు దగ్గర అమ్మ పైకి ఎక్కలేదు. నాకు నాలుగడుగుల కింద, గట్టు వార తుమ్మచెట్టు పక్కన నిలబడింది. పాప్పా దారిలోనే ఆమె భుజం మీద నిద్రపోయింది. మధ్యాహ్నం పడుకోలేదు.

లాభం పెందరాళే వచ్చింది. మగగద్ద. దక్షిణపు గట్టు దాటి వచ్చి ఒకే చుట్టు తిరిగి దిగింది. "లాబం," అన్నాను. తర్వాత ఉత్తరం నుంచి వరసగా వచ్చాయి. వానలో ఆగిపోయినవన్నీ ఒకేసారి కదిలినట్టుంది. ఇరవై, నలభై, అరవై. రెండు లేచాయి, రెండు దిగాయి. నేను చెప్పినట్టే నాయన వేశాడు, తీశాడు. ఎనభై దగ్గర సుడలై ఎద్దుల్ని వదిలేసి గట్టెక్కాడు. తొంభై దగ్గర అన్న మోకాళ్ల మీద లేచాడు, మళ్లీ కూర్చున్నాడు. కూర్చుని కుండలోకి చూశాడు.

తొంభై అయిదు. తొంభై ఆరు. కొంత సేపు ఏదీ లేదు. రెండు కలిసి వచ్చాయి. ఒకటి దిగింది, రెండోది కూడా దిగింది. తర్వాత ఒక ఆడగద్ద, గోధుమ రంగుది, పల్లం మీద నుంచి వచ్చి పడింది.

"దిగె," అన్నాను.

నా కణుపుల మీద తొంభై తొమ్మిది.

ఆకాశంలో ఏదీ లేదు. పడమట ఎరుపు తగ్గింది. నాయన కుండ మూతి మీద అరచేయి పెట్టుకుని కూర్చున్నాడు. చేతిలో ఒక గింజ సిద్ధంగా ఉంది. అన్న కుండనే చూస్తున్నాడు. సుడలై అన్న ముఖం చూస్తున్నాడు.

అప్పుడు అది వచ్చింది. రైలు కట్ట మీద నుంచి, మనిషి ఎత్తున, చప్పుడు లేకుండా. మగది. ఆ వెలుగులో తెల్లగా కనపడింది. తిరగలేదు. నేరుగా బీడు నడిమికి వచ్చి రెక్కలు ఎత్తి గడ్డిలో దిగింది. గడ్డి ఒకసారి కదిలి ఆగింది.

నేను ఊపిరి తీసుకున్నాను.

నా కింద పాప్పా నిద్రలో దగ్గింది. అమ్మ బిడ్డను ఈ భుజం మీద నుంచి ఆ భుజం మీదికి మార్చుకుంది.

"వల్లీ," అన్నాడు నాయన, "చుక్క పొడిచిందా?"

"పొడిచింది నాయనా," అన్నాను.

ఆయన చేతిలోని గింజను సంచిలో వేశాడు. చుక్క నాకు కనపడింది తర్వాత, మేం బీడు దాటి బండిబాట ఎక్కాక.

నాయన కుండను బట్ట మీద బోర్లించాడు. అన్న కుప్పలు పెట్టాడు. తొమ్మిది కుప్పలు, విడిగా తొమ్మిది గింజలు. మళ్లీ మొదటి నుంచి పెట్టాడు. అంతే వచ్చింది.

సుడలై గింజల మీదికి వంగాడు.

"నాయకరే, నేను చెప్పకూడదు. లాబాన్ని కూడా చేరిస్తే నూరు. అదీ గద్దే. దానికీ రెక్కలుండాయి. నేను కండ్లారా చూస్తిని."

అన్న తల వంచుకుని ఉన్నాడు. గింజల్ని వేలితో కదిపాడు. తర్వాత అతను అన్నది నేను ఎదురుచూడనిది.

"నాయనా, లాబం చేర్చుకుంటానంటే చేర్చుకో. నేను కాదనను. ఒక్క గింజ కోసరం నీతో కొట్లాడను. మేము పోతాము, అంతే కదా."

నాయన సంచి మూతి కట్టాడు. ముడి వేసి, విప్పి, మళ్లీ వేశాడు.

"లాబం మనది కాదప్పా," అన్నాడు. "పద్నాలుగేండ్లు వాండ్లదని చెప్పి పక్కన పెట్టినాను. ఈ పొద్దు నాకు తక్కువ పడిందని దాన్ని తీసుకుంటానా? వాండ్లది తీసుకుని వాండ్లకే ఇస్తానా? అది కొలత కాదు." లేవబోయి చేయి చాచాడు. అన్న పట్టుకున్నాడు. "తొంబై తొమ్మిది. మడక కట్టు."

*

రెండు రోజులు నేల ఆరనిచ్చారు. మూడో రోజు పొద్దున్నే గడ్డికి నిప్పు పెట్టారు. మధ్యాహ్నానికి బీడు నల్లగా ఉంది. నాలుగో రోజు అన్న ఎద్దుల్ని కట్టాడు. నాయన వచ్చి మేడి తీసుకున్నాడు.

"నేను మొదట పోతాను. తర్వాత నువ్వు కానీ."

పగటి వెలుగులో ఆయనకు చూపు ఉంది. తూర్పు గట్టు నుంచి సాలు తీశాడు. ఆరో సాలులో ఒక చోట మడక ఎత్తి, మూడడుగులు దాటించి, మళ్లీ దించాడు. అదే సాలులో ఇంకొంత దూరం పోయాక ఇంకోసారి ఎత్తాడు. ఎనిమిదో సాలులో మూడోసారి, రెండడుగులే. అది చంటిది. అప్పటి దాకా ఆ చోట్లు నాకు తెలియవు. గట్టు మీద గురుతేమీ లేదు. ఆయన గట్టు వైపు చూడలేదు.

నేను నాలుగో చోటు కోసం చూశాను. పదో సాలు, పన్నెండో సాలు. మడక ఎక్కడా లేవలేదు. నేరుగా పోయింది. ఎక్కడ నుంచి పోయిందో ఆయనకు తెలుసు. అక్కడ ఎవరూ లేరు కాబట్టి ఎత్తలేదు. ఆ మట్టి మిగతా మట్టిలాగే తిరగబడింది.

పదిహేను సాళ్లయ్యాక మేడి అన్నకిచ్చి ఇంటికి పోయాడు. ఆ సాయంత్రం నుంచి కూడు పెందరాళే తిన్నాడు. మళ్లీ గట్టు మీదికి పోలేదు. పోయినవాళ్ల వయసు చెప్పడం కూడా మానేశాడు. అడిగితే చెప్పేవాడేమో. ఎవరూ అడగలేదు.

గద్దలు కార్తీకమంతా సాయంత్రాలు వచ్చాయి. నల్లటి దున్నకం మీద తిరిగాయి. ఎంతసేపు తిరిగినా దిగలేదు. చీకటి పడే ముందు పడమటికి పోయాయి. ఎక్కడ దిగాయో మాకు తెలియదు.

అన్న అక్కడ కొత్తిమీరా శనగా చల్లాడు. వదినె మూటలు విప్పింది. పాప్పా నా పక్కలోనే పడుకుంది. అమ్మ మూడు ముద్దలు తీసి పెట్టడం మానలేదు. కానీ వదినె ఇక దాని మీద ఏమీ అనలేదు.

చలి పోయే మాసి నెలలో కొత్తిమీర పీకాం. అన్నా సుడలై పడమటి వైపు, నేనూ అమ్మా తూర్పు వైపు. అమ్మ ఆ చేలో కాలు పెట్టింది అదే మొదలు. పీకుతూ పీకుతూ ఒక చోటికి వచ్చి, అక్కడ మొక్కల్ని వదిలేసి, పక్క నుంచి దాటి వెళ్లింది. నేనూ వదిలేశాను. ఆమెకు ఆ చోట్లు ఎట్లా తెలుసో నేను అడగలేదు.

మధ్యాహ్నం వేళ ఆమె నడుము ఎత్తకుండానే అంది.

"ఆ పొద్దు నువ్వు ఊపిరి తీసుకుంటివి."

నా చేతిలో కొత్తిమీర కట్ట ఉంది. నేను దాన్ని పట్టుకునే ఉన్నాను.

"దిగె అనే ముందర ప్రతిసారీ తీసుకుంటివి," అంది అమ్మ. "కింద నిలబడి నేను దాన్నే కణక్కు పెడతా వచ్చినాను. నాకు గద్దలు చూడను మనసు రాలేదు. నీ ఊపిరి వింటే చాలనుకుంటిని. లాబం కాక, లేసినవి తీసేసి, నూరు ఊపిర్లు. తొంబై తొమ్మిది మాటలు."

"అమ్మా."

"నేనూ చెప్పలేదు కదా," అంది ఆమె.

ఇంకొక మొక్క పీకి, వేళ్లకున్న మట్టి దులిపి, కట్టలో పెట్టింది. ఆమె చేతులు నిదానంగా కదిలాయి, ఎప్పటిలాగే.

"పాప్పా యాడ?"

"గట్టు మీద ఉండాది."

"ఎండలో ఉండనీకు," అంది అమ్మ. "పిలువు."